దస్తీ కట్టిన గాజులు

"అత్తమ్మా, ఆ గాజులు జరసేపు తీసి పక్కన పెట్టరాదు" అన్న. అంతే. మా అమ్మ వంటింట్లోంచి గరిట పట్టుకొని బయటికొచ్చింది. మేనత్త నా మొఖం దిక్కు చూసి, "మీ మామ మంచిగనే ఉన్నడు గద అల్లుడా, నాతోని గాజులెందుకు తీపిస్తున్నవ్?" అని అడిగింది.

ముత్తైదువతో అనే మాట కాదది. తెల్వక అనలేదు. ఆ ఘడియలో నా చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నయి, కంప్యూటర్ తెర మీద ఆమె చప్పట్లు కొట్టినప్పుడల్లా సూదుల్లెక్క లేస్తున్న గీతలు కనబడుతున్నయి. మనిషి కనబడలేదు. ఆఖరికి అమ్మే నాదొకటి, నాయినదొకటి రెండు దస్తీలు తెచ్చి అత్తమ్మ గాజుల మీద చుట్టి ముడేసింది. "ఇగ పాడు వదినె" అన్నది. గాజుల గలగల పోయి మెత్తటి చప్పుడు మిగిలింది. మిర్యాలగూడలో మా మధ్య గదిలో పాట రికార్డింగ్ అట్ల మొదలైంది.

ఆ బతుకమ్మ పాట బావది. అత్తమ్మ కొడుకు, మహారాష్ట్రల భివండీలో సాంచాల (మరమగ్గాల) మీద పని. చండూరు దిక్కు నేతపని చేసేటోళ్లు అటు పోవుడు మా ఇండ్లల్ల కొత్త కాదు. పోయినేడు శ్రావణంలో ఒక రాత్రి వాట్సాప్‌లో నాలుగు లైన్లు పంపిండు:

తంగేడు పూసెనే ఉయ్యాలో
తలుపుకు తాళమే ఉయ్యాలో
వాకిలి ఊడ్చేటి ఉయ్యాలో
వదినెలు ఏడనే ఉయ్యాలో

"పండుగకు వచ్చినప్పుడు మన వాడకట్టులో తాళాలు లెక్కపెట్టిన, గవే రాసిన" అన్నడు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస లోపల పాట అయిపోవాలన్నడు. రెండు చరణాలు బావ అక్కడ పాడాలె, పల్లవీ మిగతా చరణాలూ అత్తమ్మ ఇక్కడ పాడాలె, డప్పు నకిరేకల్ దిక్కు నుంచి ఒక అన్న వచ్చి కొట్టాలె, 'ఉయ్యాలో' అని అందుకునేటోళ్లు మా గల్లీ ఆడోళ్లు. నాకు వచ్చిన పని వీళ్లందరినీ అతికించుడు. పగలు రైస్ మిల్లులో లెక్కలు రాస్తా, రాత్రి ఈ పని. ఆ మిల్లు మా ఇంటెనకనే ఉన్నది. దాని మోత ఆగేదాక మైకు ముట్టేది లేదు. మోత ఆగినంక ఇంకో మోత బయటపడ్డది, సన్నగా, ఎడతెగకుండా. ల్యాప్‌టాప్ చార్జర్ నుంచి. మా ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గ లేదు, కరెంటుకుండే 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోతంతా మైకులోకి దిగుతున్నది. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే పోయింది. గోడలకు బొంతలు కట్టినం. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలను మించి గది ప్రతిధ్వనిని మింగేది నేనింకా చూడలేదు.

బావ మొదట పంపిన ఆడియో నీళ్లల్ల మునిగి పాడినట్టున్నది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను బాగా పిండి పంపుతది. డాక్యుమెంట్ లెక్క పంపు, వేవ్ ఫైల్ పంపు అని చెప్పేసరికి రెండు రోజులు పట్టింది. ఐదుగురు పండుకునే గదిలో దుప్పటి కప్పుకొని ఫోన్‌లో పాడిండట. అత్తమ్మ గొంతు ఎత్తు తెలుసు కాబట్టి తంబూర యాప్‌లో ఐదున్నర శృతి (కీబోర్డు మీద ఐదో తెల్ల మెట్టు పక్కనుండే పై నల్ల మెట్టు) పెట్టుకున్నడు. మగగొంతుకు అది ఎత్తే. బతుకమ్మ పాట ఐదారు స్వరాల్లోనే తిరుగుతది గనుక ఎట్లనో అందుకున్నడు.

అత్తమ్మకు తంబూర వినిపిస్తే "గా జుమ్మనేది బందువెట్టు" అన్నది. బందు పెట్టిన. పాడినంక చూస్తే ఆమె శృతి ఐదుకూ ఐదున్నరకూ నడుమ ఉన్నది. ఐదు మీద ఇంకో 40 సెంట్లు. పక్కపక్క రెండు మెట్ల నడుమ 100 సెంట్లుంటయి కదా, కీబోర్డు మీద ఆమె గొంతుకు మెట్టే లేదు. మొదటి నుంచి చివరిదాక మాత్రం అక్కడనే నిలబడ్డది, జారలేదు. సాఫ్ట్‌వేర్‌తో ఆమెను ఐదున్నరకు ఎత్తి చూసిన. ఎవరో ముక్కు పట్టుకొని పాడినట్టు వచ్చింది. అందుకని బావనే 60 సెంట్లు దించిన. ఫోన్‌లో ఆ సంగతి చెప్తే, "ఇక్కడ సేటు జీతం పెంచడు, నువ్వేమో శృతి దించుతవ్" అని నవ్విండు.

తాళం కత వేరే. మెట్రోనోమ్‌ను నిమిషానికి 96 దెబ్బల మీద పెట్టి అత్తమ్మ చెవుల్లో టిక్ టిక్ పెడితే, నిలబడి పాఠం అప్పజెప్పినట్టు పాడింది. "తిరగకుండ ఎట్ల పాడుతర్రా" అన్నది. నిజమే. ఆ పాటకు తాళం కాళ్లల్ల, నడుంల ఉంటది. అడుగేసుడు, వంగుడు, చప్పట్లు, మళ్ల అడుగు. కానీ నా మైకు ముందు నుంచే మంచిగ వింటది, దాని వెనక్కి తిరిగితే గొంతు ఎక్కడికో పోతది. ఇద్దరం బేరం పెట్టుకున్నం. మైకు ముందర సుద్దముక్కతో అర్ధచంద్రం గీసిన. దాని మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, దస్తీల చేతులతో చప్పట్లు. హెడ్‌ఫోన్ ఒక చెవికే. టిక్ టిక్ లేదు.

గొంతుకు ప్రాణమొచ్చింది. వేగం మాత్రం 92తో మొదలై 104కు పోయింది. తప్పంటారా? బతుకమ్మ ఆడుతుంటే ఊపు పెరుగుతనే ఉంటది కదా. నేను రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతా. దాంట్లో ఆమె కొట్టిన ఒక్కొక్క చప్పటు మీద గుర్తు పెట్టుకుంట పోయిన, రెండు రాత్రులు పట్టింది. పాటకు గడులు నేను గీయలేదు, ఆమె చేతులు గీసినయి. బావ చరణాలను వాటికి తగ్గట్టు సాగదీసి, కుదించి కూర్చోబెట్టిన.

డప్పు అన్న ఆదివారం వచ్చిండు. భాద్రపదం ముసురు, తోలు చల్లబడి బద్దుమంటున్నది. డాబా మీద వరిగడ్డి మంటేసి కాచిండు. వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని విని, మళ్ల మంటకు చూపిచ్చి, "ఇగ ఇప్పుడు" అన్నడు. సిర్ర, అంటే కుడిచేతి పుల్ల, పడ్డదంటే సౌండ్ మీటర్ ఎర్రగైంది. సౌండ్ తగ్గించుకొని, మైకు మూడడుగులు ఎనక్కి జరుపుకొని నాలుగుసార్లు కొట్టించుకున్న. సిర్ర ఒక ఎత్తు, ఎడమచేతి సిటికెన పుల్ల ఇంకో ఎత్తు. ఆ పుల్ల సన్నటి టకటక లేకుంటే అది డప్పే కాదు, డబ్బా. మొదటిసారి కొట్టినదాంట్ల నడుమ చిన్న తప్పు దొర్లింది. నాలుగోసారిది తప్పులేదు. మొదటిదాని తోక, నాలుగోదాని తల కలిపి అతికించిన, గీత కూడా కనబడలేదు. వినిపిస్తే అన్న కండ్లు మూసుకొని విని, సరిగ్గ ఆ అతుకు కాడ కండ్లు తెరిచిండు. "నడుమల ఇంకెవరొచ్చిండ్రు తమ్మీ?"

నాలుగోసారికి తోలు చల్లారింది. శృతి దిగింది. డప్పు ఒకటే, కొట్టింది ఒకరే, వినేటోనికి మాత్రం ఇద్దరు. అతుకు తీసేసినం. మళ్ల కాచుడు, మొదటి నుంచి చివరిదాక ఒక్కసారి కొట్టుడు, మళ్ల కాచుడు. మూడోదానికి కుదిరింది. మిర్యాలగూడలో వరిగడ్డికి కరువు లేదు, అదొక్కటే మా అదృష్టం.

గల్లీ ఆడోళ్లు ఐదుగురే దొరికిండ్రు. ఒక్కసారి పాడిచ్చి కాపీ కొడితే గుంపు కాదు, అదే ఐదుగురి గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతది, అంతే. మూడుసార్లు వేరే వేరేగా పాడించిన, ప్రతిసారి నిలబడే జాగలు మార్చి. పదిహేను మంది లెక్క వచ్చింది. చాయ్ మాత్రం ఐదు కప్పులే.

మిక్సింగ్ మూడు వారాల రాత్రులు. చెప్పుకునేంత ఏం లేదు, పాడిన గొంతు కింద 100 హెర్ట్జ్ దాక కోసుడు, డప్పుకు జాగ ఇచ్చుడు. హెడ్‌ఫోన్లలో గుండెలదిరిన డప్పు అమ్మ ఫోన్‌లో అసలే వినబడలేదు. ఫోన్ స్పీకర్‌కు ఆ లోతు రాదు. సిటికెన పుల్లను పైకి తెచ్చినంక ఫోన్‌లో కూడా డప్పు డప్పు లెక్క వినబడ్డది. మనోళ్లు వినేది ఫోన్‌లోనే కదా.

'ఫైనల్ 5' అని పేరు పెట్టి అత్తమ్మకు వినిపిద్దామని చండూరు దిక్కు పోయిన. అరుగు మీద కూసొని, తునికాకు కట్ట లెక్క ఒడిలో ఫోన్ పెట్టుకొని విన్నది. పాట అయిపోయినంక, "మంచిగుంది గని, ఆఖరికి నేను పాడింది ఇది కాదు అల్లుడా" అన్నది.

"అదే అత్తమ్మా. పల్లవే కదా."

"కాదు."

ఆఖరి పల్లవిలో ఒక చప్పటు మరీ గట్టిగ పడితే, ఆ ముక్క తీసేసి మొదటి పల్లవిని కొంచెం కుదించి అక్కడ అతికించిన. లైన్ అదే కదా అనుకున్న. ఇంటికొచ్చి పాత ఫైల్ తీసి విన్న. ఆ ముక్కను అప్పటికే వందసార్లు విని ఉంట, చప్పటు కోసమే విన్న. ఇప్పుడు మాటలు విన్న.

తంగేడు పూసెనే ఉయ్యాలో
తలుపు తీసే ఉంది ఉయ్యాలో

కొడుకు రాసిన తాళం మాట ఆమె ఆఖరిసారి పాడలేదు.

అతికించింది పీకేసి, చప్పటుతో సహా ఆమెదే పెట్టిన. రాత్రి పదకొండుకు బావకు పంపిన, ఏం మార్చిందీ చెప్పలేదు. నీలం టిక్కులు పడ్డయి. జవాబు రాలేదు. పొద్దున మిల్లుకు పోతుంటే వచ్చింది: "నా గొంతు కొంచెం తగ్గియ్యి. అమ్మది మంచిగ వినబడాలె."

ఒకటిన్నర డెసిబెల్ తగ్గించిన.