బిల్లుల విభాగంలో కాన్‌బాన్ బోర్డు నిలబడిన తీరు: నా అనుభవం

అన్ని విభాగాల్లోనూ కాన్‌బాన్ బోర్డు పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక్కో పనికి ఒక్కో కార్డు పెట్టి, అది ఏ దశలో ఉందో గడుల్లో చూపించే బోర్డు అది. వేరే సంస్థలో బాగా నడుస్తోందని విని తీసుకున్న నిర్ణయం. సంస్థల్లోకి కొత్త పద్ధతులు చాలావరకు ఇలాగే వస్తాయి, అందులో తప్పు లేదు. చిక్కల్లా ఏమిటంటే, చూసి తెచ్చుకున్నప్పుడు కంటికి కనిపించేదే వస్తుంది. బోర్డు వస్తుంది, దాన్ని నడిపే నియమం రాదు.

ఆ నియమం ఒక్కటే: ఒక దశలో పని పరిమితికి చేరితే, అక్కడినుంచి ఒకటి కదిలేదాకా కొత్తది తీసుకోకూడదు. కార్ల కంపెనీ టొయోటాలో ఇంజనీరు తైచి ఓనో 1950ల మొదట్లో మెషిన్ షాపులో దీన్ని అమలుచేస్తే, సంస్థంతా పాకడానికి దాదాపు పదేళ్లు పట్టింది. మాకిచ్చిన గడువు మూడు నెలలు. అందుకే ఎనిమిది మంది ఉన్న బిల్లుల విభాగంతోనే మొదలుపెట్టాం.

మొదటి రెండు వారాలు బోర్డు జోలికే పోలేదు. ప్రతి బిల్లూ ఏ బల్ల మీదికి ఏ రోజు వచ్చింది, ఏ రోజు వెళ్లింది అన్నది రాసుకున్నాం. ఈ లెక్క లేకపోతే తర్వాత ఏం మారిందో ఎవరికీ చూపించలేం. ఆపైన నాలుగు గడులు గీశాం: వచ్చినవి, తనిఖీలో, సంతకానికి, చెల్లించినవి. తనిఖీలో ఆరు, సంతకానికి నాలుగు మించకూడదు.

మూడో రోజుకే సంతకం గడి నిండింది. తనిఖీ చేసేవాళ్ల చేతులు ఆగాయి. "మనుషులు ఖాళీగా ఉన్నారు, పరిమితి పెంచండి" అన్న ఒత్తిడి వచ్చేది సరిగ్గా ఇక్కడే. పెంచితే బోర్డు గోడమీద బొమ్మగా మిగులుతుంది. పెంచకుండా ఆ నాలుగు కార్డులు తీసి చూస్తే, సరుకు అందినట్టు రసీదు లేని బిల్లులు సంతకందాకా వెళ్లి వెనక్కి తిరుగుతున్నాయని తేలింది. రసీదు లేనిదే తనిఖీలోకి తీసుకోవద్దన్నాం. గడి కదిలింది.

తర్వాతి గండం అర్జంటు కార్డు. ఒకరికి ఒప్పుకుంటే వారంలో అన్నీ అర్జంటే అవుతాయి. దానికి విడిగా ఒక వరుస ఇచ్చి, ఒకేసారి ఒక్క కార్డుకే చోటిచ్చాం.

రోజూ పావుగంట బోర్డు ముందు నిలబడేవాళ్లం. కుడివైపునుంచి, అంటే పూర్తికావడానికి దగ్గరగా ఉన్నవాటితో మొదలు. అడగాల్సింది కార్డు ఎక్కడ ఆగిందని, ఎవరు ఆపారని కాదు. పై అధికారి ఒక్కసారి మనిషిని నిలదీస్తే చాలు, మర్నాటినుంచి ఆగిపోయిన పనులు బోర్డెక్కవు.

అన్నిటికంటే ఎక్కువకాలం పట్టింది పాత పెండింగ్ రిజిస్టరు ఆపించడానికి. రెండూ రాయాల్సి వస్తే మనుషులు సంజాయిషీ అడిగేదాన్నే రాస్తారు, బోర్డును వదిలేస్తారు. బోర్డు ఫొటో రోజూ దాచిపెడతామని ఆడిట్ వాళ్లను ఒప్పించి, రిజిస్టరు ఆపమని లిఖితపూర్వకంగా ఉత్తర్వు తీసుకున్నాకే ఇది నిలబడింది.

కొత్త పద్ధతి చిన్నగా పరీక్షించి చూసుకునే వీలుంటే, ఫలితం కంటికి కనిపిస్తే త్వరగా పాకుతుందని, కొత్త పద్ధతుల వ్యాప్తిని పరిశోధించిన ఎవరెట్ రోజర్స్ 1962లోనే రాశారు. అందుకే మిగతా విభాగాలకు శిక్షణ తరగతులు పెట్టలేదు, మూడు ఉదయాలు వచ్చి మా బోర్డు ముందు నిలబడమన్నాం. గడుల పేర్లు వాళ్ల ఇష్టం. పరిమితి అంకె కూడా వాళ్ల లెక్కను బట్టే. అసలు పరిమితే వద్దన్న విభాగానికి మాత్రం బోర్డు ఇవ్వలేదు.