చందుర్తి చేలో గసగసాలు

ఆదివారం, రాత్రి పదిన్నర

మూడు వారాల కిందట ప్రైమర్ (అడుగు రంగు) కొట్టి ఆరబెట్టిన ఇరవై నాలుగు మంది బొమ్మ సిపాయిలు ఇవాళ పొద్దున కూడా అలాగే బూడిదరంగులో నిలబడి ఉన్నారు. తలపాగాలకి ఏ నీలం వేయాలో తేలలేదు. తేల్చుకుందామని ఒక పుస్తకం తెరిస్తే అది ఇంకో పుస్తకం దగ్గరికి పంపింది. అది ఒక పాత చిత్రం దగ్గరికి పంపింది. ఆ చిత్రం చూస్తే, ఈ సిపాయిలు పోరాడిన చందుర్తి యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకి వేసింది. మూడు ఆదివారాలూ చదవడానికే సరిపోయాయి. బ్రష్ తడిస్తే ఒట్టు.

ఒక్కో బొమ్మ 28 మిల్లీమీటర్లు. బొటనవేలి మొదటి కణుపంత. వాడి కోటు మీది గుండీ సూదిమొన కంటే పెద్దదేం కాదు. అయినా ఈ సరదా ఉన్నవాళ్లలో ‘గుండీలు లెక్కపెట్టేవాళ్లు’ అని ఒక తెగ ఉంది. కిందటేడు ఒక స్నేహితుడు నా ఫ్రెంచి బొమ్మల్ని భూతద్దం కింద పెట్టి, ‘కోటు చేతికి ఈ రకం కఫ్ ఇంకో ఇరవై ఏళ్లకి గానీ వాడుకలోకి రాదు కదా’ అన్నాడు. మంచి మనిషే. అప్పటినుంచి బ్రష్ పట్టుకున్నప్పుడల్లా వాడు నా భుజం మీంచి చూస్తున్నట్టే ఉంటుంది. అసలు సంగతి ఒప్పుకోవాలంటే, ఆ తెగలో నేనూ ఉన్నాను. ఎదుటివాడి బొమ్మలైతే నేనే ముందు లెక్కపెడతాను.

ఈ బొమ్మలతో బల్ల మీద నేను కడుతున్నది చందుర్తి యుద్ధం. 1758 డిసెంబరు, పిఠాపురం దగ్గర. విజయనగరం ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్ల మీద సాయం అడిగితే, ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవు కల్నల్ ఫోర్డ్‌ని బెంగాల్ నుంచి ఓడల మీద విశాఖపట్నం పంపాడు. అవతలి పక్క ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. ఇద్దరి దగ్గరా తెల్ల సోల్జర్లు సుమారు ఐదేసి వందలు, వాళ్లకి ఎన్నో రెట్లు సిపాయిలు.

ఇన్ని యుద్ధాలుండగా ఇదే ఎందుకంటే, ఇందులో పెద్ద మలుపు తిప్పింది కోటు రంగు. 1757లో క్లైవు లేపిన తొలి బెంగాల్ సిపాయి పటాలానికి ఎర్రకోట్లు తొడిగించాడు. అందుకే దానికి లాల్ పల్టన్ అని పేరు. చందుర్తిలో ఆ ఎర్రకోటు సిపాయిల్ని చూసి, ఇంగ్లీషు సోల్జర్లు వీళ్లేనని ఫ్రెంచివాళ్లు అనుకున్నారు. బలమంతా పెట్టి వాళ్ల మీద పడ్డారు. అసలు ఇంగ్లీషు పటాలం పక్కనే, మనిషెత్తు పంట చాటున ఉంది. ఫోర్డ్ ఆ పొరపాటు కనిపెట్టి, సిపాయిల జెండాలు చుట్టేసి నేల మీద పెట్టేయమన్నాడట. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్లు తరుముకుంటూ వచ్చారు, చేలోంచి బయటికి వచ్చిన పటాలం పక్కనుంచి కాల్చింది. అంతే. నాలుగు నెలలు తిరిగేసరికి మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

ఇవాళ పొద్దున పదకొండు గంటలకి స్నానం చేస్తుంటే తలపాగా రంగు సంగతి తట్టింది. ఫ్రెంచివాడు దూరం నుంచి చూసి మోసపోయాడంటే, నా బల్ల ముందు నిలబడినవాడు కూడా మూడడుగుల నుంచి మోసపోవాలి. ఇంగ్లీషువాళ్లకి నల్ల మూడుమూలల టోపీలు. మరి సిపాయిల తలపాగా లేత నీలం వేస్తే ఇంటి గుమ్మంలోంచే తేడా తెలిసిపోతుంది. నలుపులో కలిసిపోయేంత ముదురు నీలం వేశాను. పుస్తకాలు మూడు వారాల్లో తేల్చనిది తలమీద రెండు చెంబులు పోసుకునేలోపు తేలింది. స్నేహితుడు అడిగితే ఏం చెప్పాలో రేపు ఆలోచిస్తా.

ఎరుపు దగ్గర మాత్రం రాజీ పడలేదు. సీసాలో ఉన్న ఎరుపు ఉన్నట్టే వేస్తే సంతలో కొన్న బొమ్మలా ఉంటుంది. ఇంగ్లీషు మామూలు సోల్జరు కోటుకి మంజిష్ఠ జాతి వేరు రంగు, ఆఫీసరుకైతే ఖరీదైన పురుగు రంగు. వేరు రంగు ఎండలో వెలిసి ఇటుక వైపు తిరుగుతుంది. పైగా బొమ్మ చిన్నదయ్యేకొద్దీ రంగు ముదురుగా కనబడుతుంది కాబట్టి, కొంచెం నారింజ కలిపి తేలిక చేయాలి. మడతల్లోకి పలచటి గోధుమరంగు వదిలితే అది తనంతట తనే దిగి నీడలా కూర్చుంటుంది. ఈ పని చేస్తున్నంతసేపు ఫోన్ ఎక్కడుందో కూడా గుర్తు రాలేదు.

మధ్యాహ్నం అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అమ్మ పుట్టిల్లు గొల్లప్రోలు, చందుర్తి పక్కనే. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ కోసి నేను చేసిన చేను చూసి, ‘ఇదేం పంటరా?’ అంది.

‘మొక్కజొన్న. ఇంగ్లీషు పుస్తకాల్లో అలాగే ఉంది.’

‘అన్నేళ్ల కిందట మా వైపు మొక్కజొన్న ఎవడేశాడ్రా? జొన్న అయ్యుంటుంది. దొరలకి రెండూ ఒకటే.’

గుండీలకి మూడు వారాలు తగలేసినవాణ్ణి, చేలో ఏం పండిందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అమ్మ మాట నిజమో కాదో గానీ, జొన్న కూడా మనిషి మునిగేంత పెరుగుతుంది కదా. వంటింట్లోంచి గసగసాల డబ్బా తెచ్చి, పీచు కొసలకి ఫెవికాల్ పూసి అద్దాను. అచ్చం కంకుల్లా కుదిరాయి. మా ఆవిడ డబ్బా వెతుక్కుంటూ వచ్చి, చేను చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. సాయంత్రం కుర్మాలో గసగసాలు లేవు.

అమ్మ ఇంకా కదల్లేదు. ‘ఇందులో మనవాళ్లెవరు?’ అంది.

‘విజయనగరం రాజుగారి బలగం ఇటు. అటు ఫ్రెంచివాళ్ల సిపాయిల్లో కూడా ఉండుంటారు.’

‘ఊఁ.’ ఒక సిపాయిని అరచేతిలో పెట్టుకుని కళ్లజోడు సర్దుకుంది. పైన ఎర్రకోటు, కింద మోకాళ్ల పైకి లాగు, వట్టి కాళ్లు. ‘పైకి అంత సోకు చేసి, కాళ్లకి చెప్పులివ్వలేదా వీళ్లకి? జొన్న మోళ్లు ఎలా గుచ్చుకుంటాయో తెలుసా నీకు?’

సన్నబ్రష్ కడిగి మళ్లీ కూర్చున్నాను. పడుకునేలోపు ఆరుగురికి చెప్పులు అయ్యాయి. మిగతావాళ్లకి వచ్చే ఆదివారం.