రాత్రి టీ మానేశాక మా ఇంట్లో ఎవరు ఏం తాగుతున్నారంటే

మా ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకి టీ పెట్టడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ముమ్మిడివరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి. అందుకని మా ఆయన చెరువు మీదకి వెళ్లేముందు గట్టి టీ తాగుతారు. అదే గిన్నెలో అత్తయ్యగారికీ, మావయ్యగారికీ, నాకూ కూడా కాచేదాన్ని. మేలుకోవాల్సింది ఆయన ఒక్కరే, తాగేది మాత్రం నలుగురం.

అత్తయ్యగారికి నిద్ర కరువైంది. ఒంటిగంట దాటినా అటూ ఇటూ దొర్లుతూనే ఉండేవారు, పొద్దున్నే బీపీ చూస్తే ఎక్కువగా ఉండేది. అమలాపురంలో డాక్టరు గారికి చూపిస్తే ఆయన నిద్రమాత్ర రాయలేదు. "చివరి టీ ఎన్నింటికి తాగుతారమ్మా?" అని అడిగారు. పగలంతా మనం మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర తెప్పిస్తుందనీ, టీలో ఉండే కెఫిన్ వెళ్లి దాని చోట కూర్చుని నిద్రని ఆపేస్తుందనీ చెప్పారు. తాగిన కెఫిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. తొమ్మిదిన్నర టీలో సగం రాత్రి రెండున్నరకి కూడా పనిచేస్తూనే ఉంటుందన్నమాట. మధ్యాహ్నం రెండు తర్వాత టీ వద్దన్నారు. ఒక్కసారిగా మానితే మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుందని కూడా ముందే హెచ్చరించారు. అందుకే సాయంత్రం, రాత్రి టీలలో పొడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చి, తర్వాత మానిపించాను. అలా చేస్తే అత్తయ్యగారికి పెద్దగా ఇబ్బంది అనిపించలేదు.

కానీ రాత్రి చేతిలో వేడిగా ఓ కప్పు లేకపోతే ఆవిడకి తోచేది కాదు. ఈ సంగతి విని మా తోడికోడలు హైదరాబాదు నుంచి "నిద్ర టీ" అని ఓ డబ్బా పంపింది. ముందు వైపు పెద్ద తెల్లపువ్వు బొమ్మ. వెనక పదార్థాల వరసలో మొదటి పేరు గ్రీన్ టీ! మన దేశంలో ప్యాకెట్ల మీద ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. అంటే ఆ డబ్బాలో ఎక్కువగా ఉన్నది తేయాకే. గ్రీన్ టీ, వైట్ టీ, మన మామూలు టీపొడి అన్నీ ఒకే మొక్క ఆకులు, అన్నిట్లో కెఫిన్ ఉంటుంది. కెఫిన్ తీసేసిన "డీకాఫ్" అన్నదాంట్లోనూ కాస్త మిగులుతుంది. యెర్బా మాటే అనే ఆకులో, గ్వారానా అనే గింజలో కూడా కెఫిన్ ఉంది, అవి మూలికల పేరుతో కలుస్తుంటాయి. పోనీ చాక్లెట్ పాలు ఇద్దామా అంటే, మన కొబ్బరితోటల్లో అంతరపంటగా వేసే కోకో గింజలోనూ కొంచెం కెఫిన్ ఉంది. ఆ రోజు నుంచి ఏ డబ్బా అయినా ముందు వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టాను.

తర్వాత కొన్న డబ్బాలో నిజంగానే కెఫిన్ లేదు. చామోమైల్ అనే చామంతి లాంటి చిన్న తెల్లపువ్వు, కృష్ణకమలం జాతి పాషన్ ఫ్లవర్, నిద్రకని వాడే వలేరియన్ అనే మొక్క వేరు, అతిమధురం. ఇక బాగుంటుందనుకుని అత్తయ్యగారి మందుల చీటీ, డబ్బా రెండూ పట్టుకుని డాక్టరు గారి దగ్గరకే వెళ్లాను. ఆయన వేలు నేరుగా అతిమధురం మీద పెట్టారు. నాకు ఆశ్చర్యమేసింది. దగ్గొస్తే చిన్నపిల్లల బుగ్గన పెట్టే వేరు కదా అది! అయితే అతిమధురంలో గ్లైసిరైజిన్ అనే పదార్థం ఉంటుంది, దాని తీపి అదే. రోజూ తీసుకుంటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలబడిపోతాయి, పొటాషియం తగ్గిపోతుంది, బీపీ పెరుగుతుంది. యూరప్‌లో పెద్దవాళ్లకి రోజుకి 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ దాటొద్దని చెబుతారు. అత్తయ్యగారి బీపీ మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు ఉంది, అది కూడా పొటాషియాన్ని తగ్గించేదే. ఆ రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉందన్నారు. నిద్ర కోసం తెచ్చిన డబ్బాలో బీపీ పెంచే వేరు ఉండటం నన్ను చాలా కలవరపెట్టింది. మూలికే కదా, ఏం చేస్తుందిలే అని ఊరంతా అనే మాటని నేనిక ఒప్పుకోలేను.

వలేరియన్ వేరు వాసన భరించడం కష్టం, తడిసి మాగిన సాక్సుల వాసన. పోనీ పనిచేస్తుందా అంటే, దీర్ఘకాలం నిద్రలేమితో బాధపడేవాళ్లకి దాన్ని వాడొద్దనే 2017లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం సూచించింది. మన దేశంలో దాని బంధువు తగర ఉంది, ఆ కుటుంబంలోదే జటామాంసి కూడా. జటామాంసి హిమాలయాల్లో ఎత్తున పెరుగుతుంది, వేళ్ల కోసం పీకిపీకి అంతరించే స్థితికి తెచ్చేశారు. మా ఇంట్లో ఓ కప్పు కోసం అది అక్కర్లేదనిపించింది.

పాషన్ ఫ్లవర్ విషయంలో మాత్రం మన పక్క వాళ్లందరికీ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మందుగా వాడేది పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా అనే రకం. మన కంచెల మీద పాకుతూ, కాయ చుట్టూ వలలాంటి తొడుగుతో కనిపించే తీగ కూడా ఆ జాతిదే కానీ వేరే మొక్క. దాని పచ్చి ఆకుల్లో, కాయల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి. నర్సరీల్లో అందం కోసం అమ్మే కృష్ణకమలం తీగలు ఏ రకమో, ఏ సంకరమో అమ్మేవాళ్లకే తెలియదు. పువ్వు ఒకేలా ఉందని తెంపి మరగబెట్టకండి.

సరస్వతి ఆకు దగ్గరా ఇదే చిక్కు. పచారీ కొట్టులో బ్రాహ్మి అంటే ఒకరు గుండ్రటి సరస్వతి ఆకు ఇచ్చారు, ఇంకొకరు నీటి వార పెరిగే చిన్నాకుల మొక్క ఇచ్చారు. రెండూ మన తడినేలల్లో పెరిగేవే కానీ వేర్వేరు మొక్కలు. రెండిటినీ పక్కన పెట్టేశాను.

చివరికి మిగిలినవి చామోమైల్, నిమ్మగడ్డి, సోంపు. నిమ్మగడ్డి కోసం కడియపులంక వెళ్లాం. తాగడానికి అని చెబితే నర్సరీ ఆయన, "ఆయ్, అయితే పాత ఆకంతా కోసి పారేయండమ్మా, మొన్నే మందు కొట్టాం. కొత్త చిగురొచ్చాక వాడుకోండి" అన్నారు. ఆ మాటకి ఆయనకి ఎంతో రుణపడి ఉన్నాను. గులాబీ రేకులు వేసుకుందామన్న ఆలోచన కూడా అక్కడే మానుకున్నాను. మార్కెట్‌లో దండలకి వచ్చే పూలమీద ఏం చల్లారో మనకెలా తెలుస్తుంది?

నిమ్మగడ్డి మన నేలలో ఊరికే గుబురుకట్టేస్తుంది. ఎండబెట్టడమే కష్టం. శ్రావణం, భాద్రపదంలో గాలిలో తేమకి ఆకు ఆరకముందే నల్లబడి బూజు పడుతుంది. బూజు వాసన కొంచెం తగిలినా పారేయాలి. అందుకే వానల్లో పచ్చిదే తుంచి వేస్తాను, సంక్రాంతి దాటాక నీడన ఆరబెట్టి గాజుసీసాలో బిగించి పెడతాను.

చామోమైల్ బయట కొనేదే. విడిపూలు కొంటాను, పొడి కాదు. పువ్వు కనిపిస్తే ఏం తాగుతున్నామో తెలుస్తుంది. అది చామంతి కుటుంబంలోది. మన గట్ల నిండా ఉన్న వయ్యారిభామ కూడా ఆ కుటుంబమే. వయ్యారిభామ తగిలితే దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు చామోమైల్ జోలికి పోకుండా ఉండటం మంచిది. మా పాలేరు భార్యకి ఆ ఎలర్జీ ఉంది, అందుకే ఆవిడ అడిగినా ఇవ్వలేదు.

మావయ్యగారికి కూడా చామోమైల్ ఇవ్వను. కాకినాడలో గుండె కవాటం ఆపరేషన్ అయ్యాక ఆయన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. వార్ఫరిన్ వాడుతూ చామోమైల్ ఎక్కువగా వాడిన ఓ పెద్దావిడకి లోపల రక్తస్రావం అయిందని 2006లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. ఆయనకి యాలక్కాయ చితక్కొట్టి వేసిన గోరువెచ్చని పాలు. "మీ ఆకులూ పూలూ మీరే తాగండి" అంటారు కానీ పాలు వదలరు.

అత్తయ్యగారికీ నాకూ పెట్టే పద్ధతి ఇది. నిమ్మగడ్డి, చిటికెడు సోంపు నీళ్లలో రెండు నిమిషాలు మరిగిస్తాను. దించాక చెంచాడు చామోమైల్ పూలు వేసి మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు వదిలేస్తాను. మూత తప్పనిసరి, సువాసన నూనెలు ఆవిరిలో పోతాయి. ఎనిమిదింటికే, అదీ చిన్నకప్పు. తొమ్మిది దాటాక తాగితే బాత్రూమ్‌కని మధ్యలో లేవాల్సొస్తుంది.

ఇప్పుడు అత్తయ్యగారు పదిన్నరకల్లా పడుకుంటున్నారు. చామోమైల్‌లో ఎపిజెనిన్ అనే పదార్థం మెదడుని కొంత శాంతపరుస్తుందంటారు, కాదనను. కానీ నా ఉద్దేశంలో మేలు చేసింది ముఖ్యంగా ఆ తొమ్మిదిన్నర టీ పోవడమే. మా ఆయన టీ మాత్రం ఆయనకి విడిగా కాచి ఫ్లాస్కులో పోసిస్తున్నాను.

దుబాయిలో ఉన్న మా ఆడపడుచు, "వదినా, నాకూ ఓ పొట్లం కట్టి పంపు" అంది. అత్తయ్యగారు అందులో గసగసాలు కూడా వేయమన్నారు, పాలల్లో నూరి తాగితే నిద్ర పడుతుందని. యూఏఈలో గసగసాలు నిషేధం, సంచిలో దొరికితే కేసవుతుంది. గసగసాలే కాదు, పేరూ చీటీ లేని ఆకుపొడులు కూడా విమానంలో పంపడం నాకిష్టం లేదు. అక్కడి దుకాణాల్లోనే బాబూనజ్ అని అడిగి కొనుక్కోమన్నాను, చామోమైల్‌ని అరబ్బులు అలాగే పిలుస్తారు. కొనేముందు డబ్బా వెనక ఫొటో తీసి పంపమన్నాను. పంపింది. చామోమైల్ పూలు తప్ప ఇంకేమీ లేవు. కొనుక్కోమన్నాను.