పౌలు మేనల్లుడు

బైబిల్లోని అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో నాకు బాగా నచ్చే మనిషి, యేసు గురించి ప్రకటించిన అపొస్తలుడు పౌలు మేనల్లుడు. పాపం, పేరు కూడా రాయలేదు. రోమా సైన్యం చేతిలో బందీగా ఉన్న పౌలును చంపేదాకా అన్నం ముట్టమని 40 మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. ముందు రాత్రే ప్రభువు పక్కన నిలబడి ధైర్యం చెప్పాడు కానీ, తప్పించడానికి దేవదూతను పంపలేదు. కుట్ర సంగతి ఈ కుర్రాడి చెవిన పడింది, అంతే. అతను వెళ్లి చెప్పగానే రోమా సేనాధికారి అయిన సహస్రాధిపతి రాత్రికి రాత్రే 470 మంది బందోబస్తుతో పౌలును ఊరు దాటించేశాడు.

మొన్న జలుబుతో మాకెవరికీ గ్యాస్ వాసన తెలియలేదు. పక్కింటి ఆంటీ వచ్చి తలుపు బాదారు. రెగ్యులేటర్ దగ్గర ట్యూబ్ పగిలి ఉంది. స్విచ్ వెయ్యొద్దని అరుస్తూ ఆవిడే కిటికీలు తెరిచారు. అమ్మ "దేవునికి స్తోత్రం" అంటే, శనివారం ఉపవాసం ఉండే ఆంటీ "ముందు ఆ ట్యూబ్ మార్పించండి వదినా" అన్నారు. నాకు రెండు మాటలూ ఒకటే అనిపించాయి. మర్నాడే కొత్తది వేయించాం.