మొక్కల మీటను ముందు లాగనివ్వండి

హైస్కూలు పిలకాయలకు వాతావరణ విధానాలు చెప్పడానికి ఎన్-రోడ్స్ అనే వెబ్ పేజీ మంచి సాధనం. క్లైమేట్ ఇంటరాక్టివ్ అనే సంస్థ, అమెరికాలోని ఎంఐటీ స్లోన్ మేనేజ్‌మెంట్ స్కూలు కలిసి చేశాయి, డబ్బు కట్టక్కర్లేదు. బొగ్గు, కార్బన్ ధర, అడవులు, ఇలా ఒక్కోదానికి ఒక్కో మీట. లాగితే 2100 నాటికి భూమి ఎంత వేడెక్కుతుందో చూపే అంకె మారుతుంది. అది లెక్క మాత్రమే వేస్తుంది, ఆట మనం కట్టాలి.

ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్, ఆరు జట్లు. నెట్ సరిగా అందని బడి అయితే పేజీని గంట కొట్టకముందే తెరిచి ఉంచండి. తెరుచుకున్నాక లెక్క బ్రౌజర్‌లోనే నడుస్తుంది, రిఫ్రెష్ మాత్రం నొక్కొద్దు.

నియమం ఒకటే: మీట ముట్టేముందు అంకె ఎంత తగ్గుతుందో జట్టు చీటీ మీద రాయాలి. చీటీ లేకపోతే అన్ని మీటలూ చివరికంటా లాగేసి, ప్రపంచం పెట్టుకున్న 1.5 డిగ్రీల హద్దు వచ్చిందని చప్పట్లు కొడతారు. నేర్చుకున్నది సున్నా.

తిరుపతైనా చిత్తూరైనా, మొదట చెయ్యి పోయేది మొక్కల మీదికే. వనమహోత్సవాల పుణ్యం! చీటీలో ‘ఒక డిగ్రీ’ అని ఉంటుంది, తెర మీద మాత్రం పదో వంతుల్లోనే కదులుతుంది. చెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది, నాటడానికి నేల కొంతే ఉంది, ఈలోగా బొగ్గు కాలుతూనే ఉంటుంది. ఈ కారణాలు వాళ్ల నోటే రావాలి, అందుకే ఇక్కడ తొందరపడొద్దు.

తర్వాత కార్బన్ ధర, అంటే వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు కట్టించే రుసుము. టన్నుకు 100 డాలర్లంటే సరే అనేస్తారు, అది వాళ్ల డబ్బు కాదుగా. అప్పుడు ఇంటి కరెంటు బిల్లు తెప్పించండి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. డాలరు 85 రూపాయలనుకుంటే యూనిట్‌పై 6 రూపాయలు పెరుగుతుంది. అయిదు హార్స్‌పవర్ బోరు మోటారు 9 గంటలు ఆడితే దాదాపు 34 యూనిట్లు, అంటే రోజుకు 200 రూపాయలు. రైతు కరెంటు ఉచితం కదా, మరి ఎవరు కట్టాలి? తరగతి రెండుగా చీలేది ఇక్కడే. చీలనివ్వండి.

ఎన్-రోడ్స్‌లో భారత్‌కు విడిగా మీట లేదు, లెక్కంతా ప్రపంచానిదే. దేశాల బేరసారాలకు మరో పీరియడ్‌లో దాని తోబుట్టువు సీ-రోడ్స్ తెరవండి, అందులో దేశాలకు విడివిడిగా లెక్క ఉంటుంది. అందులో ఉద్గారాలు పెరగడం ఆగే ఏడు, తగ్గడం మొదలయ్యే ఏడు, ఏడాదికి ఎంత శాతం తగ్గేదీ విడివిడిగా అడుగుతుంది. భారత్ జట్టు, ప్యారిస్ ఒప్పందం కింద మన దేశం 2022లో ఇచ్చిన హామీలోని 45ను తెచ్చి శాతం గడిలో పెట్టేస్తుంది. అది 2005తో పోల్చి 2030 నాటికి జీడీపీలో, అంటే దేశ ఉత్పత్తి విలువలో, ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాల్లో తగ్గించే శాతం, ఏటేటా తగ్గించేది కాదు. ముందే బోర్డు మీద రాసి పెట్టండి, లేకపోతే అంకె ఒక్కసారిగా పడిపోయి గదంతా కేరింతలే.