అన్నీ కీబోర్డేనట

పదకొండున్నర దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నా. మా వాడు సాయంత్రం అన్న మాట ఒకటి చెవిలో జోరీగలాగా తిరుగుతూనే ఉంది.

బట్టలు మడతపెడుతూ బీటిల్స్ వాళ్ల స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్ పెట్టా. మొదట్లోనే పిల్లనగ్రోవిలాంటి ముక్క వస్తుంది కదా, అది రాగానే ఎప్పటిలాగే నా చేతులు ఆగిపోయాయి, ఒరేయ్ ఇది వినరా ఒక్కసారి అన్నా. వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "కీబోర్డే కదక్కా, అన్నీ కీబోర్డే" అనేసి లోపలికి వెళ్లిపోయాడు. వాడికి ఈపాటికి ఆ మాట గుర్తు కూడా ఉండదు, గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు, నాకే మండుతోంది.

తప్పని కాదు. పాల్ మెకార్ట్‌నీ మెట్లు నొక్కే వాయించాడు దాన్ని, మెలోట్రాన్ అంటారు. కానీ ఒక్కో మెట్టుకీ ఒక్కో టేపు ముక్క ఉంటుంది అందులో, ఆ ముక్క మీద నిజంగా ఒక మనిషి ఫ్లూట్ ఊదిన ఒక్క స్వరం ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు కదిలి హెడ్ మీదుగా పోతుంది, దాదాపు ఎనిమిది సెకన్లు, ఆ తర్వాత టేపు అయిపోతుంది, ఎంత నొక్కిపట్టుకున్నా ఇంక మోగదు. వదిలితే మళ్లీ మొదటికి వెళ్లిపోతుంది. అంటే ఎవరో ఎక్కడో కూర్చుని ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా ఊదిపెట్టి వెళ్లిపోతే, ఆ ఊపిరి 1966 చివర్లో ఇంకొకరి వేళ్ల కింద మళ్లీ లేచింది. ఇందాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నా, స్వరం ఎత్తుకునే చోట చిన్న వణుకు ఉంటుంది చూడండి, ఎదురుగా కూర్చుని ఊదే మనిషి దగ్గర అలా ఉండదు. మధ్యలో ఎక్కడా ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా లేదు. ఇంతా చేస్తే కీబోర్డ్ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఆ ఊదినాయన ఏమైపోవాలి?

బీచ్ బాయ్స్ గుడ్ వైబ్రేషన్స్ సంగతీ అంతే, అందులో సన్నగా ఊళపెట్టే శబ్దం ఏంటని ఎవర్ని అడిగినా థెరెమిన్ అని టకీమని చెప్పేస్తారు. థెరెమిన్‌ని అసలు ముట్టుకోరు, దాని దగ్గర గాల్లో చేతులు కదిలిస్తారంతే. ఇక్కడ పాల్ టానర్ అనే ఆయన ఒక పిడిని చేత్తో పట్టుకుని అటూ ఇటూ జరిపి వాయించాడు, ఎలక్ట్రో థెరెమిన్ అని దాని పేరు. గ్లెన్ మిల్లర్ బృందంలో ట్రాంబోన్ వాయించిన మనిషి, గొట్టం జరపడం అలవాటైన చెయ్యి. ఆ జారుడంతా ఆ చేతిలోంచి వచ్చిందే అని నాకు గట్టి నమ్మకం.

ఇక్కడిదాకా రాసేసరికి నాన్న గుర్తొచ్చారు, అసలు నిద్ర పట్టకపోవడానికి కారణం అదేనేమో.

నాగిన్ సినిమాలో మన్ డోలే పాట. రేడియోలో అది వస్తే నాన్న ఏ పనిలో ఉన్నా ఆపేసి, రెండు చేతులూ నోటి ముందు పెట్టుకుని పాములవాడిలాగా బుగ్గలు పూరించి ఊగేవారు, మేమిద్దరం అరచేతులు పడగల్లాగా పట్టి ఆయన మోకాళ్ల చుట్టూ తిరిగేవాళ్లం. నాన్న బుగ్గల మీద నరాలు ఉబ్బేవి, నవ్వు ఆపుకోలేక తమ్ముడు కింద పడిపోయేవాడు, పాట అయిపోయాక కూడా ఆయన ఒక నిమిషం అలాగే ఊగుతూ ఉండేవారు. స్టూడియోకి అసలైన పాములవాడినే పిలిపించి వాయించారని మాకు చెప్పేవారు. ఆయనకీ అదే నమ్మకం.

డిగ్రీలో ఉండగా ఎక్కడో చదివా, అందులో నాగస్వరమే లేదని, కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే కీబోర్డ్, రవి హార్మోనియం వాయించారని. పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పా. ఏమని చెప్పా? "నాన్నా, అది నాగస్వరం కాదు, కీబోర్డ్."

అవునా అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆ పాట ఎన్నిసార్లు వచ్చినా ఆయన చేతులు లేవలేదు.

తమ్ముడు ఆ రోజు పక్కనే ఉన్నాడు. ఆ మాట వాడు మొదట విన్నది నా నోటే.

వాడి మీద కోపంతో మొదలుపెట్టా ఇదంతా, ఇప్పుడా కోపం నిలబడట్లేదు. నిజం చెప్పకుండా ఉండాల్సిందా అంటే అదీ కాదు, కానీ సగమే చెప్పా, అదే నా బాధ. ఆ క్లావియోలిన్ ఎంత చిన్న పెట్టో, కాన్‌స్టంట్ మార్టిన్ అనే ఫ్రెంచాయన 1947లో చేశాడని, ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుందని, చేత్తో వాయిస్తూ మోకాలితో శబ్దం పెంచుతారని చెప్పలేదు. ఒక్క స్వరమే పలుకుతుంది కాబట్టే నాగస్వరంలాగా అంత బాగా నప్పిందేమో అని కూడా అనలేదు. అప్పటికి నాకూ తెలీదు మరి, పేరు తెలిస్తే అంతా తెలిసిపోయిందనుకునే వయసు. ఆ తర్వాత కూడా బీటిల్స్ ఇన్ మై లైఫ్ మధ్యలో వచ్చేది హార్ప్సికార్డ్ అనే పాతకాలపు తీగల వాద్యం అని ఎంతమందికి చెప్పానో, అది పియానో! వాళ్ల పాటలు రికార్డు చేయించే జార్జ్ మార్టిన్ టేపుని సగం వేగంలో నడిపి ఒక స్థాయి కింద వాయిస్తే, మామూలు వేగానికి తెచ్చేసరికి ఆ గలగల వచ్చింది.

ఆ క్లావియోలినే 1962లో టార్నడోస్ వాళ్ల టెల్‌స్టార్‌లో కూడా ఉంది. ఉపగ్రహం పేరు మీద కట్టిన పాట, మొదట రాకెట్ లేచినట్టు హోరు, ఆ వెనకే ఈ పెట్టె గొంతు. నాన్నకి ఆ పాట తెలీదు. రేపు కాఫీ అయ్యాక ఏమీ చెప్పకుండా అది పెడతా, ఈ గొంతు ఎక్కడైనా విన్నారా నాన్నా అని మాత్రం అడుగుతా. తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టాలి.