పరీక్ష అట్ట ఎగరేస్తే తెలిసిన డైనమిక్స్

మెకానికల్ రెండో సంవత్సరం డైనమిక్స్‌లో చక్రాలు, వాలు మీద దొర్లే సిలిండర్లు వచ్చినంత కాలం నాకు ఇబ్బంది లేదు, అన్నీ ఒకే తలంలో తిరుగుతాయి కాబట్టి ఇంటర్‌లో చదివిన టార్క్ సూత్రంతోనే బండి లాగించేశాను. త్రీడీలోకి వెళ్లగానే ఆగిపోయింది. కోణీయ వేగం ఒక వైపు, కోణీయ ద్రవ్యవేగం (బయటి టార్క్ లేనంతసేపూ మారని తిరుగుడు పరిమాణం) ఇంకో వైపు ఉంటాయట. తిరిగేది ఒక్కటే కదా, రెండు బాణాలెందుకు? సార్ బోర్డు నిండా ఆయిలర్ సమీకరణాలు (త్రీడీలో తిరిగే వస్తువుల సూత్రాలు) రాశారు, నేను నోట్స్‌లోకి ఎక్కించుకున్నాను, అంతే.

అర్థమైంది హాస్టల్ గదిలో. పరీక్ష అట్టని రాసే వైపు పైకి, క్లిప్పు అవతలి చివర ఉండేలా పట్టుకుని, క్లిప్పు పైకి లేచి ఒక్క పల్టీ కొట్టేలా ఎగరేసి పట్టుకోండి. చేతికొచ్చేసరికి వెనక వైపు పైకి ఉంటుంది! మనం పక్కకి తిప్పనే లేదు, దానంతటదే అర చుట్టు మెలి తిరిగింది. పళ్లెంలా తిప్పినా, పొడవు వెంట పెన్సిల్‌లా దొర్లించినా ఈ గోల లేదు, బుద్ధిగా తిరుగుతుంది.

పల్టీ కొట్టిన అక్షానికి జడత్వ భ్రామకం (తిప్పబోతే వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత) మిగతా రెండింటికి మధ్యలో ఉంటుంది, అంటే I₁ < I₂ < I₃ అనుకుంటే ఇది I₂. అక్కడ చిన్న ఊగుని ఆయిలర్ లెక్కలో పెడితే (I₂−I₃), (I₁−I₂) రెండూ మైనస్, గుణిస్తే ప్లస్, ఊగు పెరిగిపోతుంది. మిగతా రెండు అక్షాలకి ఒకటే మైనస్ మిగులుతుంది కాబట్టి ఊగి ఊరుకుంటుంది. గాల్లో ఉన్నంతసేపూ ద్రవ్యవేగం బాణం కదలదు, మెలి తిరిగేటప్పుడు వేగం బాణమే దాని నుంచి పక్కకి పోతుంది. రెండో బాణం అందుకన్నమాట.

సరే, భ్రామకం అతి తక్కువున్న అక్షం, అంటే పొడవు వెంట ఉండేది, స్టేబుల్ అని ధీమాగా ఉన్నానా, అప్పుడు 1958 నాటి ఎక్స్‌ప్లోరర్ 1 కథ కంటపడింది. సన్నగా పొడుగ్గా ఉండే ఉపగ్రహం, పొడవు వెంటే తిప్పి వదిలారు. కొన్ని గంటల్లోనే గడియారం ముల్లులా అడ్డంగా తిరగడం మొదలెట్టింది. పక్కలకి సాగిన యాంటెన్నాలు వంగుతూ శక్తిని వేడిగా పోగొట్టాయి. ద్రవ్యవేగం మారదు, శక్తి తగ్గాలి, అంటే భ్రామకం పెరగాలి, కాబట్టి భ్రామకం అతి ఎక్కువున్న అక్షానికి జారింది.

మరి ఆయిలర్ లెక్క తప్పా అని నోట్స్ తిరగేశాను. మొదటి పేజీ మొదటి లైన్లోనే ఉంది, 'దృఢ వస్తువు అనుకుందాం' అని. అప్పటిదాకా ఆ లైను నేను చదివితే కదా.